లాంగ్ రైడ్ అయ్యాక ముందు ఉప్పు, తర్వాత టిఫిన్, బిర్యానీ ఆఖర్న

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: హైదరాబాద్ బండ్లగూడ నుంచి ప్రతి ఆదివారం సైకిల్ మీద చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా వెళ్లొస్తున్నారు. రానూపోనూ 100 కి.మీ., నాలుగున్నర గంటలు. తొమ్మిదిన్నరకి ఇల్లు చేరగానే ఫ్రిజ్ నీళ్లు రెండు లీటర్లు, కాసేపాగి పూరీ, మధ్యాహ్నం బిర్యానీ, ఆపైన నిద్ర. సాయంత్రం తలనొప్పి, సోమవారం ఆఫీసు మెట్లెక్కాలంటే కాళ్లు బరువు. మూడు నెలల్లో బరువు తగ్గకపోగా రెండు కిలోలు పెరిగింది. రైడ్ తర్వాత ఏం తినాలి, ఏం తాగాలి? (బైక్ అన్నారు కాబట్టి ముందు బుల్లెట్ అనుకున్నాను. గేర్లు, కేడెన్స్ (నిమిషానికి పెడల్ ఎన్నిసార్లు తిప్పుతామో ఆ లెక్క) దాకా వచ్చాక సైకిలని తెలిసింది.)

సూటిగా చెప్పాలంటే: దిగిన అరగంటలో ఉప్పు కలిసిన మజ్జిగో నిమ్మరసమో అర లీటరు. గంటలోపు టిఫిన్, అందులో 60–80 గ్రాముల కార్బ్స్ (పిండిపదార్థాలు, చక్కెరలు), 20–25 గ్రాముల ప్రొటీన్ ఉండాలి. రైడ్‌లో తగ్గిన బరువుకి ఒకటిన్నర రెట్లు ద్రవాలు, మధ్యాహ్నం రెండు మూడింటి దాకా కొంచెం కొంచెంగా. మధ్యాహ్నం భోజనం మామూలు భోజనమే, పండగ భోజనం కాదు. ఇందుకు ఇంట్లో ఉన్న సరుకులు చాలు. డబ్బా పౌడర్లు కొనక్కర్లేదు.

మీరు తక్కువ తింటున్నారని కాదు. ఉప్పులేని నీళ్లు ఒక్కసారిగా పడుతున్నాయి, అవసరమైన తిండి అవసరమైన వేళకి రాక, మూడు గంటల తర్వాత మూడింతలై వస్తోంది. తలనొప్పి, కాళ్ల బరువు, పెరిగిన కిలోలు మూడింటికీ మూలం దాదాపు అక్కడే ఉంది.

ముందు నీళ్ల లెక్క. ఇది అందరికీ ఒకేలా ఉండదు కాబట్టి మీ లెక్క మీరే తీసుకోవాలి. పొద్దున బయల్దేరేముందు బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక బట్టలు లేకుండా బరువు చూసుకోండి. తిరిగొచ్చాక చెమట తుడుచుకుని మళ్లీ చూసుకోండి. ఉదాహరణకి వెళ్లేటప్పుడు 72.4, వచ్చాక 70.9 అనుకుందాం. తేడా కిలోన్నర. దారిలో 750 మి.లీ. బాటిళ్లు రెండు తాగారు, అది లీటరున్నర. అంటే మొత్తం పోయిన చెమట సుమారు మూడు లీటర్లు, గంటకి 650–700 మి.లీ. డిసెంబర్‌లో ఇది సగం కావచ్చు, ఏప్రిల్ చివర్లో గంటకి లీటరు దాటొచ్చు. తిరిగి పూడ్చాల్సింది ఆ కిలోన్నరని. కానీ తాగిన దాంట్లో కొంత మూత్రంలో పోతూనే ఉంటుంది కాబట్టి 1.5 × 1.5, అంటే రెండుంపావు లీటర్లు తాగాలి. ఇంత లెక్క ప్రతివారం అక్కర్లేదు. ఎండాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చూసుకుంటే మీ శరీరం సంగతి తెలిసిపోతుంది. తేడా బరువులో రెండు శాతం దాటిందంటే (72 కిలోల మనిషికి దాదాపు కిలోన్నర) తప్పు రైడ్ అయ్యాక కాదు, రైడ్‌లోనే జరిగింది. వచ్చేసారి దారిలో ఇంకో బాటిల్ తాగాలి.

ఇక ఆ రెండు లీటర్ల ఫ్రిజ్ నీళ్లు. చల్లటి నీళ్లు తాగితే ప్రమాదమని పెద్దవాళ్లు తిడుతుంటారు. నిజానికి ఎండలోంచి వచ్చినవాడికి చల్లదనం మేలే చేస్తుంది. చిక్కంతా గటగటా తాగడంతోనే. కడుపు నుంచి పేగుల్లోకి గంటకి వెళ్లేది చాలామందిలో సుమారు లీటరు మాత్రమే, మిగతాది కడుపులో బుడబుడలాడుతూ ఉంటుంది. పైగా చెమటలో లీటరుకి 500 నుంచి 1,500 మి.గ్రా. దాకా సోడియం (ఉప్పులో ఉండే ఖనిజం) పోతుంది. ఉప్పు పోయిన ఒంట్లోకి ఉత్త నీళ్లు పోస్తే రక్తంలో ఉప్పు పలచబడుతుంది, దాంతో కిడ్నీలు నీళ్లని బయటికి తోసేస్తాయి. పదిన్నరకల్లా రెండుసార్లు బాత్రూమ్‌కి వెళ్లి, మూత్రం తెల్లగా ఉందని సంతోషించి, సాయంత్రానికి మళ్లీ నోరెండిపోవడం అందుకే.

మీ చెమటలో ఉప్పు ఎక్కువో తక్కువో తెలుసుకోవడానికి ల్యాబ్ టెస్ట్ అక్కర్లేదు. హెల్మెట్ పట్టీలు ఆరాక చూడండి. గడ్డం కింద పట్టీ మీద, జెర్సీ వీపు మీద తెల్లటి గీతలు, వేలితో గీకితే పొడిలా రాలేవి ఉంటే మీరు ఉప్పు ఎక్కువ పోగొట్టుకునే రకం. చెమట కంట్లో పడితే బాగా మండుతుందా? అదీ గుర్తే. అలాంటివాళ్లకి మొదటి లీటరులో కచ్చితంగా ఉప్పుండాలి.

మజ్జిగ కొలత: పెరుగు 100 గ్రాములు (ఒక గరిటె), నీళ్లు 400 మి.లీ., ఉప్పు పావు టీస్పూను తలకొట్టి, దంచిన అల్లం, కరివేపాకు, కాస్త జీలకర్ర పొడి. ఆ పావు టీస్పూనులో 500–600 మి.గ్రా. సోడియం ఉంటుంది. మనూళ్లలో పొలం నుంచి వచ్చినవాడికి ముందు సల్ల చెంబు అందించేది ఇందుకే. పాలు, పెరుగు పడనివాళ్లు అర లీటరు నీళ్లలో ఒక నిమ్మకాయ, అదే పావు టీస్పూను ఉప్పు, ఐదారు టీస్పూన్ల పంచదార కలుపుకోవచ్చు. పంచదార చూసి భయపడకండి. కొంచెం చక్కెర ఉంటే పేగులు ఉప్పునీ నీటినీ తొందరగా లాక్కుంటాయి, ఓఆర్‌ఎస్ పనిచేసేదే ఆ సూత్రం మీద. కాకపోతే పది స్పూన్లు వేస్తే చిక్కబడి కడుపులో తిప్పుతుంది.

ఓఆర్‌ఎస్ మందు, కూల్‌డ్రింక్ కాదు. మెడికల్ షాపులో డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసున్న పౌడర్ ప్యాకెట్టే తీసుకోండి: లీటరుకి ఉప్పు 2.6 గ్రా., గ్లూకోజ్ 13.5 గ్రా., పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రా., ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రా. ఈ 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. అందరూ చేసే తప్పు, ప్యాకెట్ మొత్తం 750 మి.లీ. సైకిల్ బాటిల్లో కలిపేయడం. అది చిక్కటి ఉప్పునీళ్లై వికారం తెస్తుంది. టెట్రాప్యాక్‌లో తియ్యగా అమ్మే రకాల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లు, ఉప్పు అంతంతమాత్రం. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) అలాంటి డ్రింకుల లేబుల్ మీద ఓఆర్‌ఎస్ అన్న మాటే వాడొద్దని ఆదేశించింది. మామూలు ఆదివారం రైడ్‌కి ఓఆర్‌ఎస్ అవసరం రాదు, మజ్జిగ చాలు. మే నెల ఎండలో తొక్కినప్పుడు, వాంతో విరేచనమో తోడైనప్పుడు తీయండి.

కొబ్బరిబోండం గురించి కూడా అడిగారు. తాగండి, మంచిదే, పైగా రోడ్డు పక్క దొరికేవాటిల్లో కల్తీకి, మురికి ఐస్‌కి అవకాశం లేని సీల్డ్ బాటిల్ అదొక్కటే. కానీ అందులో దండిగా ఉండేది పొటాషియం. మీరు పోగొట్టుకున్నది ప్రధానంగా సోడియం. అందుకని బోండం తాగితే ఉప్పు వేరే దారిలో రావాలి: బోండంతో పాటు నాలుగు ఉప్పు పల్లీలో, ఇంటికొచ్చాక సాంబారో. తాటి ముంజలదీ అదే కథ, ఒంటికి చలవ, దాహానికి హాయి, కాని అందులో ఉప్పూ లేదు, పెద్దగా కార్బ్స్ లేవు. చెరుకురసం కార్బ్స్‌కి బ్రహ్మాండం, దాని ఐస్‌తోనే భయం. గట్టిగా తొక్కి వచ్చినప్పుడు పేగులు కాస్త నీరసంగా ఉంటాయి, మామూలు రోజు అరిగిపోయే ఐస్ ఆ రోజు అరగకపోవచ్చు. ఐస్ లేకుండా పిండించుకోండి.

ఇప్పుడు తిండి. మన కండరాల్లో, లివర్‌లో గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న కార్బ్స్ అన్నీ కలిపి సుమారు 500 గ్రాములు. నాలుగున్నర గంటలు తొక్కితే అందులో చాలా భాగం ఖర్చవుతుంది. ఇంటర్నెట్‌లో అందరూ చెప్పే సూత్రం ఒకటుంది: కిలో బరువుకి గంటకి 1 నుంచి 1.2 గ్రాముల కార్బ్స్, మొదటి నాలుగు గంటలూ తినాలని. సూత్రం నిజమే, అయితే అది ఆ సాయంత్రమో, మర్నాడు పొద్దున్నో మళ్లీ గట్టిగా తొక్కాల్సినవాళ్లది. మీ తర్వాతి రైడ్ వారానికి. మామూలు భోజనాలతో ట్యాంక్ ఒక రోజులో నిండిపోతుంది. ఆదివారం రైడర్ ఆ సూత్రం పాటిస్తే నాలుగు గంటల్లో 300 గ్రాములు, అంటే పాతికపైన ఇడ్లీలు తినాలి! 

అలాగని ఏమీ తినకుండా మధ్యాహ్నం దాకా లాగడం ఇంకా పెద్ద తప్పు. బరువు తగ్గాలని టీ తాగి పడుకునేవాళ్లు రెండింటికి లేచి కనబడిందల్లా తింటారు. గంటలోపు ఒక మంచి టిఫిన్ పడితే ఆ ఆవురావురుమనడం ఉండదు.

ఏ టిఫిన్? ఇడ్లీ నాలుగు, సాంబారు ఒక గిన్నె, ఉడకబెట్టిన గుడ్లు రెండు, ఒక అరటిపండు. కార్బ్స్ 75 గ్రాముల దాకా వస్తాయి, ప్రొటీన్ 22–24, సాంబారులో చట్నీలో ఉప్పు కూడా వచ్చేస్తుంది. ఇడ్లీలు మాత్రమే తింటే ప్రొటీన్ ఏడెనిమిది గ్రాములు దాటదు. అందరూ జారేది ఇక్కడే. గుడ్డు తిననివాళ్లకి పెసరట్టుని మించింది లేదు. ఒక మనిషికి పెసలు 80 గ్రాములు (చిన్న టీకప్పులో ముప్పాతిక) శనివారం రాత్రి నానబోయండి. పొద్దున అల్లం, పచ్చిమిర్చి, చారెడు బియ్యంతో రుబ్బితే పెద్ద అట్లు రెండు వస్తాయి, పెసలతోనే 19 గ్రాముల ప్రొటీన్. మధ్యలో ఉప్మా పెడితే కార్బ్స్ లెక్క సరిపోతుంది. నూనె అట్టుకి ఒక స్పూను చాలు, అంచులు లేచేదాకా మంట తగ్గించి ఉంచితే అంటుకోదు.

పూరీ, మిర్చి బజ్జీ, వడ రైడ్ అయిన వెంటనే ఎందుకొద్దంటే, కొవ్వు కడుపుని నెమ్మది చేస్తుంది. తొక్కుతున్నంతసేపూ రక్తం కాళ్లకి వెళ్లింది, పేగులు ఇంకా తేరుకోలేదు. ఆ సమయంలో నూనె పడితే గంటల తరబడి బరువుగా కూర్చుంటుంది. పూరీ తినాలనిపిస్తే మంగళవారం తినండి, ఎవరొద్దన్నారు.

ఎండాకాలంలో చాలామందికి వేడి టిఫిన్ సయించదు. దానికి మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టిన మందు పెరుగన్నం. పద్ధతి ఇదీ: నాలుగున్నరకి లేవగానే అన్నం వండి మెత్తగా మెదిపి, గోరువెచ్చగా అయ్యాక కాచిన పాలు పోసి, స్పూను పెరుగు వేసి తోడు పెట్టి వెళ్లండి. వేడన్నంలో వేస్తే పెరుగు విరుగుతుంది, చల్లారిపోయాక వేస్తే తోడుకోదు, వేలు పెడితే హాయిగా ఉండాలి. మీరొచ్చేసరికి పులుపెక్కకుండా కమ్మగా ఉంటుంది. 250 గ్రాముల అన్నం, 250 మి.లీ. పాలు లెక్కన చూస్తే కార్బ్స్ 80, ప్రొటీన్ 13–14. పావు టీస్పూను ఉప్పు, పక్కన నిమ్మకాయ పచ్చడి. ప్రొటీన్ ఇంకో పది గ్రాములు కావాలి కాబట్టి, 50 గ్రాముల పుట్నాలు పొడి కొట్టి ముందు తాగే మజ్జిగలో కలిపేసుకోండి. జొన్న గటకా సల్లా అలవాటున్నవాళ్లకి అదీ ఇంతే బాగుంటుంది. రాగి అంబలి పల్చగా ఉంటుంది కాబట్టి గ్లాసుడు తాగి టిఫిన్ అయిందనుకోకండి, అందులో కార్బ్స్ 20–25 గ్రాములకి మించవు.

వే ప్రొటీన్ (పాల నుంచి తీసే ప్రొటీన్ పొడి) గురించి: ఒక స్కూపులో 24 గ్రాములు ఉంటాయి, తాగడం తేలిక. మహత్తేమీ లేదు. నాలుగు గుడ్లు కూడా అంతే. తిండి మొహం చూడబుద్ధి కానప్పుడు, 200 కి.మీ. బీఆర్‌ఎమ్ (గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్) పూర్తిచేసి రాత్రి ఏడింటికి వచ్చినప్పుడు, అది నిజంగా పనికొస్తుంది. అలాంటి రోజున నమలడం వదిలేసి 400 మి.లీ. పాలలో రెండు అరటిపళ్లు, నాలుగు ఖర్జూరాలు వేసి మిక్సీ కొట్టి తాగండి. అరగంటకి ఆకలి దానంతటదే తిరిగొస్తుంది, అప్పుడు పప్పన్నం.

మధ్యాహ్నం బిర్యానీ. తినొచ్చు. నిజానికి చికెన్ బిర్యానీలో కావాల్సిన కార్బ్స్, ప్రొటీన్, ఉప్పు మూడూ ఉన్నాయి. లెక్క తప్పేది పక్కన చేరేవాటితో: ముందు చికెన్ 65, చివర డబుల్ కా మీఠా, మధ్యలో థమ్సప్. గంటకి 22 కి.మీ. సగటు వేగంతో 72 కిలోల మనిషి 100 కి.మీ. తొక్కితే ఖర్చయ్యేది సుమారు 1,700–2,200 కేలరీలు. వాచీలు, యాప్‌లు 3,000 చూపిస్తుంటాయి, దాన్ని నమ్మి తినకండి. పవర్ మీటర్ (పెడల్‌కి చేరే శక్తిని కొలిచే పరికరం) ఉన్న స్నేహితుడుంటే అతని రైడ్‌లో కిలోజౌల్స్ ఎంతో అడగండి. మన శరీరం తిన్న శక్తిలో పెడల్‌కి చేర్చేది పావు వంతుకి కాస్త తక్కువే, ఒక కేలరీ 4.18 కిలోజౌల్స్, ఆ రెండూ కొట్టుకుపోయి కిలోజౌల్స్ అంకే దాదాపు కేలరీల అంకె అవుతుంది.

అన్నట్టు, సోమవారం పొద్దున బరువు కిలో ఎక్కువ కనబడితే కంగారు పడొద్దు. గ్లైకోజెన్ ఒక్కో గ్రాము తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, ఖాళీ ట్యాంక్ నిండిందంతే. శుక్రవారం పొద్దున బరువు చూసుకోండి, అది నమ్మదగినది.

సోమవారం కాళ్ల బరువు సంగతి. ఇందులో ఆదివారం టిఫిన్ పాత్ర సగమే. మిగతా సగం రెండు చోట్ల ఉంది. ఒకటి, దారిలో ఏమీ తినకపోవడం. మీరు రాసినదాంట్లో చేవెళ్లలో టీ, రెండు ఉస్మానియా బిస్కెట్లు తప్ప ఏమీ కనబడలేదు. నాలుగున్నర గంటల రైడ్‌కి మొదటి గంట దాటాక గంటకి 30–60 గ్రాముల కార్బ్స్ పడాలి: ఒక అరటిపండు, ఒక పల్లీపట్టీ, బాటిల్లో నాలుగు స్పూన్ల పంచదార. దారిలో ఖాళీ అయిన కాళ్లని ఇంట్లో ఎంత మంచి టిఫిన్ పెట్టినా అప్పటికప్పుడు లేపలేం. రెండోది రోజు మొత్తం మీద ప్రొటీన్. 72 కిలోల మనిషికి కిలో బరువుకి 1.4–1.6 గ్రాముల చొప్పున 100–115 గ్రాములు కావాలి. మన భోజనంలో కప్పు పప్పు ఏడెనిమిది, కప్పు పెరుగు నాలుగైదు. శాకాహారి ఇంట్లో మూడు పూటలా కడుపునిండా తిన్నా అరవై దాటడం కష్టం. రాత్రికి పనీరో, మీల్ మేకరో, శనగలో ఉండేలా చూసుకోండి.

పిక్కలు పట్టేస్తే అరటిపండు తినమంటారు. తినండి, కార్బ్స్ కోసం. పట్టేసిన పిక్కకి మాత్రం పాదాన్ని మీవైపు లాగి అర నిమిషం పట్టుకోవడమే వైద్యం. అది చాలావరకు కండరం అలసిపోయి వచ్చేది, పండు అరిగి రక్తంలో కలిసేసరికి నొప్పి ఎటూ పోయుంటుంది.

ఇరానీ చాయ్ మానమని చెప్పి హైదరాబాద్‌లో తిరగలేను. కప్పు చాయ్ ఒంట్లో నీళ్లు లాగేస్తుందన్నది అతిశయోక్తి. పైగా రోజూ పొద్దున తాగే అలవాటున్నవాళ్లకి ఆ రోజు చాయ్ తాగకపోవడమే సాయంత్రం తలనొప్పికి కారణం కావచ్చు. టిఫిన్‌తో కలిపి కాక గంట ఆగి తాగండి, టీ ఆహారంలోని ఐరన్‌ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. ఆడవాళ్లకి, శాకాహారులకి ఇది మరీ ముఖ్యం. బీరు విషయంలో అంత మెతకగా చెప్పను. కండరాల మరమ్మతు మందగిస్తుంది, ఆ రాత్రి నిద్ర పాడవుతుంది, ఎండిన ఒంట్లో తొందరగా ఎక్కుతుంది.

ఎప్పుడు జాగ్రత్తపడాలి: ఉత్త నీళ్లు నాలుగైదు లీటర్లు తాగాక తలనొప్పి, వికారం, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం కనిపిస్తే అది నీళ్లు చాలక కాదు, ఎక్కువై. బరువు చూడండి, వెళ్లేముందుకంటే పెరిగుంటే ఖాయం. ఇక నీళ్లు ఆపేయండి. మాట తడబడినా, వాంతులైనా ఆస్పత్రికి. ఎండలో తొక్కి వచ్చి ఒళ్లు కాలిపోతూ పొంతన లేకుండా మాట్లాడుతున్న మనిషికి నోట్లో ఏమీ పోయకూడదు. నీడకి చేర్చి, ఒళ్లంతా తడిపి, గాలి తగిలేలా చేస్తూ 108కి ఫోన్ చేయాలి.

బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లు పైన చెప్పిన ఉప్పు కొలతలు తమ డాక్టర్‌ని అడిగాకే వాడాలి. షుగర్‌కి ఇన్సులిన్ లేదా సల్ఫొనైల్‌యూరియా (గ్లిమెపిరైడ్ లాంటివి) మాత్రలు వాడేవాళ్లకి లాంగ్ రైడ్ తర్వాత రాత్రి నిద్రలో కూడా షుగర్ పడిపోవచ్చు. వాళ్లు టిఫిన్ మానకూడదు, పడుకునేముందు ఒకసారి టెస్ట్ చేసుకోవాలి, ఆ రోజు డోసు సంగతి ముందే మాట్లాడుకోవాలి.

వచ్చే ఆదివారానికి మీరు మార్చాల్సింది ఎక్కువేం లేదు. శనివారం రాత్రే పెసలు నానబోసి, మజ్జిగ అర లీటరు కలిపి, ఫ్రిజ్‌లో నీళ్ల బాటిల్ ఉండే చోట దాన్ని ముందు పెట్టండి. తలుపు తీసినప్పుడు చేయి ముందు దాని మీదే పడాలి.